మెత్తగా దిగాలా, చోటు చూసి దిగాలా?

సూరత్‌లో లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఏ గల్లీలో నడిచినా తెలుగు వినిపిస్తుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, వచ్చి ఇక్కడే నిలిచిపోయిన పద్మశాలీల ఇళ్లవి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. అలాంటి ఒక బడిలో నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివిన కుర్రాడొకడికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. పాత కంప్యూటరు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న జాయ్‌స్టిక్కు ముందేసుకుని ఏడాదిగా విమానం దించడం నేర్చుకుంటున్నాడు. వాడి మేనమామ సాంచాల మేస్త్రి. ముప్పై ఏళ్లుగా మగ్గాల మోతలోనే బతికినవాడు.

మొన్నొక సాయంత్రం ఆ ఇద్దరూ పెట్టుకున్న వాదన పక్కనే కూర్చుని విన్నాను. ఆషామాషీ మాటలు కావవి. ఇద్దరికీ పనితనం అంటే ప్రాణం. అందుకే విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మామ: పోయిన వానకాలం అవ్వకు పాణం బాగలేదంటే విమానంల పోయొచ్చిన. ముప్పై ఏండ్లు నవజీవన్ రైల్లనే తిరిగినోణ్ని నేను. వచ్చేటప్పుడు ఇక్కడ సూరత్‌ల దిగంగ దడేల్‌మని కొట్టిండు. నడుము జివ్వుమన్నది. పక్కన కూసున్నామె దేవుణ్ని తల్సుకున్నది. నువ్వేమో ఆ పైలట్ మంచిగనే దించిండంటవు. ఏం మంచిరా అది?

అల్లుడు: ఆ రోజు వాన పడుతుండె గదా మామా? నైరుతి గాలి. అంటే వేసు దిక్కు నుంచి వచ్చి సముద్రం దిక్కు దించి ఉంటడు. మన రన్‌వే పొడుగు 2,905 మీటర్లు. కానీ వేసు దిక్కు ఎత్తు బిల్డింగులు లేచినయని, ఆ కొస నుంచి 615 మీటర్లు వదిలిపెట్టి ఆ తర్వాతనే దిగాలె. మిగిలింది 2,290. తడి రన్‌వే. ఆయన దడేల్‌మని కొట్టలే, గట్టిగ ఆనిచ్చిండు. కావాలనే.

మామ: కావాలని ఎవడన్న కొడ్తడా?

అల్లుడు: వానల కొడ్తరు. నేల మీద నీళ్లుంటే, మెత్తగ ఆనిన చక్రం నీళ్ల మీదనే జారుతది. గట్టిగ ఆనితే నీటి పొర తెగి రబ్బరు నేలను పట్టుకుంటది. చక్రాల మీద బరువు పడ్డదని తెలిస్తేనే రెక్కల మీది పలకలు లేస్తయి. అవి లేస్తే రెక్క మోసుడు ఆపుతది, బ్రేకు పట్టుకుంటది, ఇంజను ఎదురు గాలి కొడ్తది. అన్నీ ఆ ఒక్క దెబ్బ మీదనే ఆధారం.

మామ: నీ నడుము కాదు గదా, అందుకే చెప్తవు. బట్ట మీద చిన్న గీత పడితే సేఠ్ పైసలు కోస్తడు. పనితనం అంటే మరక లేకుండ, గీత లేకుండ, చెయ్యి పెడితే పట్టులెక్క ఉండాలె. విమానం గూడ అంతే. ఎప్పుడు నేలకు తాకిందో తెల్వకుండ దించినోడే మొనగాడు.

మేస్త్రి మాటలో తప్పేమీ కనిపించలేదు నాకు. విమానం ఎక్కిన ప్రతివాడూ అలాగే అనుకుంటాడు, నేనూ అనుకున్నాను. పైలట్‌కు మనం వేసే మార్కు ఆ ఒక్క కుదుపును బట్టే. పైన గంటన్నర ఏం చేశాడో మనకు తెలిసే దారి లేదు.

అల్లుడు: నేను గూడ మూడు నెలలు గదే పిచ్చిల ఉన్న మామా. నేలను తాకేటప్పుడు నిమిషానికి ఎన్ని అడుగుల లెక్కన దిగినమో స్క్రీన్ మీద అంకె వస్తది. నూరు కన్న తక్కువైతే మంచిగున్నది, యాభై వస్తే వెన్న. మా ఆటగాళ్లు దాన్ని బటర్ అనే అంటరు. ఆ యాభై కోసం ఏం చేసేటోణ్ని అంటే, నేల దగ్గరికి రాంగనే ముక్కు లేపి, లేపి, పట్టుకునేటోణ్ని. విమానం దిగదు. తేలుతది. రెక్కల పొడుగంత ఎత్తులకు వచ్చినంక నేల దగ్గరి గాలి రెక్కను మోస్తది, వెనక్కి గుంజే బలం తగ్గుతది. ఒక్క సెకను తేలితే దగ్గరదగ్గర 70 మీటర్లు పోయినట్టు. మూడు సెకన్లు తేలి వెన్నలెక్క దించి, అబ్బ అనుకునేటోణ్ని. 200 మీటర్ల రన్‌వే తిన్నానని అంకె చెప్పదు గదా.

మామ: తింటే ఏమాయె? ఇంక రెండు వేలున్నది గదా ముందల.

అల్లుడు: ఎప్పుడూ ఉండదు. 1993ల పోలండ్ రాజధాని వార్సాల లుఫ్తాన్సా వాళ్ల ఎయిర్‌బస్ 320 ఒకటి తడి రన్‌వే మీద, వెనుక గాలిల దిగింది. ముందు ఒక కాలే ఆనింది, అదీ మెత్తగ. రెండో కాలు ఆనేదాక కంప్యూటరు ఇంక గాలిలనే ఉన్నమనుకున్నది. పలకలు లేవలే, ఎదురు గాలి రాలే. తొమ్మిది సెకన్లు గట్లనే పోయినయి. రన్‌వే దాటి మట్టిగట్టుకు గుద్దింది. ఇద్దరు పోయిండ్రు.

మామ: అది వాళ్ల దేశం.

అల్లుడు: మన దేశందే చెప్త. 2010 మే 22, మంగళూరు. దుబాయ్ నుంచి వచ్చింది. కొండ మీది రన్‌వే, 8,033 అడుగులు. ఆనింది 5,200 అడుగులు దాటినంక. 158 మంది. 2020 ఆగస్టు 7, కోళికోడ్. అది గూడ దుబాయ్ నుంచే, అది గూడ కొండ మీదిదే. వాన. 8,858 అడుగులల్ల 4,438 అయిపోయినంక ఆనింది. 21 మంది.

ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దుబాయ్ విమానం అంటే సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లకు పేపర్లో చదివే వార్త కాదు. ఇంటికొకరు సూరత్‌కో భివండికో వస్తే, ఇంకొకరు గల్ఫ్‌కు పోయిన ఊళ్లవి.

మామ: ఒక మాట అడుగుత, నిజం చెప్పు. ఆ రెండింట్ల పైలట్లు మెత్తగ దించబోయి దూరం పోయిండ్రా?

అల్లుడు: కాదు. మంగళూరుల ఎత్తు ఎక్కువుండంగనే వచ్చిండు. దిగొద్దని పక్కన కూసున్న పైలట్ మూడుసార్లు చెప్పిండని దర్యాప్తు కోర్టు రాసింది. కోళికోడ్‌ల వెనుక గాలి.

మామ: మరి నీ మాటకు వాళ్లను సాక్ష్యం తెచ్చుడు న్యాయం కాదు.

అల్లుడు: మెత్తదనం వాళ్లను చంపిందంటలేను మామా. ఎక్కడ ఆనిందనేదే బతుకు, ఎట్ల ఆనిందనేది కాదు అంటున్న. రన్‌వే మీద రెండు లావాటి తెల్ల పట్టీలుంటయి. చూపు వాటి మీద పెట్టి రావాలె, ఆ దగ్గరనే ఆనాలె. పట్టీలు దాటిపోయిన వెన్న నాకొద్దు.

మేస్త్రి అక్కడ తగ్గాడని అనుకున్నాను. తగ్గలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, అసలు ఎట్ల దించుతవో చూపియ్యమన్నాడు. కుర్రాడు సూరత్ రన్‌వేకు ఐదారు మైళ్ల దూరంలో విమానాన్ని నిలబెట్టాడు. తెర మీద హజీరా వైపు పొగగొట్టాలేమీ లేవు, సముద్రమూ, తాపీ నదీ, ఒక బూడిదరంగు గీతా ఉన్నాయి.

అల్లుడు: చూడు, రన్‌వే పక్కన నాలుగు దీపాలు. రెండు తెల్లవి, రెండు ఎర్రవి ఉంటే వాలు సరిగ్గ మూడు డిగ్రీలు. అన్నీ తెల్లగ ఉంటే ఎత్తుల ఉన్నం, అన్నీ ఎర్రగ ఉంటే కిందికి జారినం. వేగం 135 నాట్లు. దిగుడు నిమిషానికి 700 అడుగులు. ఈ మూడు వెయ్యి అడుగుల ఎత్తు కాడికే కుదరాలె. చివర్ల చేసే పని జరంతనే ఉంటది. ముప్పై అడుగుల కాడ ముక్కు రెండు డిగ్రీలు లేపుడు, పవర్ తీసేసుడు. అందరు ఆ జరంత పనే నేర్సుకుందమని చూస్తరు. నేను గూడ గట్లనే చేసిన. నాది ఖరాబ్ అయ్యింది ఆ ముప్పై అడుగుల కాడ కాదు, మూడు మైళ్ల ముందే.

మామ: పడుగు సరిగ్గ పట్టకపోతే నేసేటప్పుడు ఏం చేసినా గుడ్డ సక్కగ రాదు. గదే గదా?

అల్లుడు: గదే మామా. ఇంకోటి, ఈ చిన్న తెరల లోతు తెల్వదు. నిజం విమానంల కంటి కొసల నుంచి నేల లేచి వస్తున్నట్టు తెలుస్తదట, కింద సీటు చెప్తదట. నాకు ఇక్కడ రెండూ లేవు. ముక్కు లేపేటప్పుడు చూపు రన్‌వే చివరికి పెట్టాలె, ముందల నేలను చూస్తే ముక్కు తొందరగ లేపుతం, అది ఒకటి. రెండోది చెవి. విను.

స్పీకర్లోంచి మగగొంతు లెక్క చెప్పడం మొదలుపెట్టింది. యాభై. నలభై. ముప్పై. ఇరవై. ఆ తర్వాత ‘రిటార్డ్’ అని హెచ్చరిక. పది. చక్రాలు ఆనాయి.

అల్లుడు: నిమిషానికి 700 అంటే పది అడుగులకు ఒక సెకను కన్న జర తక్కువ. యాభై, నలభై, ముప్పై అని సమంగ రావాలె. గబగబ వస్తే పడుతున్నం. చివరి రెండు మాటల నడుమ జర సాగాలె, మరీ సాగితే తేలుతున్నం. నేను అంకె చూసుడు మానేసి ఈ చప్పుడు పట్టుకున్నంకనే దించుడు వచ్చింది. ఇప్పుడు ఎక్కువసార్లు నూటయాభైకి అటుఇటు వస్తది. నేను మెత్తగ దించుదమని చూస్తలేను, అదే వస్తున్నది.

మేస్త్రి ముఖంలో మార్పు నేను చూశాను. షెడ్డులో నలభై సాంచాలు ఆడుతుంటే వాటిలో ఏది శ్రుతి తప్పిందో గుమ్మం దగ్గరే చెప్పగలడని ఆయనకు పేరు. చెవితో పని నేర్చుకున్నవాడికి చెవితో నేర్చుకున్న ఇంకొకడు దొరికాడు. విమానం నడపడం నేర్పే ఇలాంటి యంత్రం పుట్టింది కూడా చప్పుడు చేసే వస్తువులోంచే. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రిది ఆర్గన్లు, పియానోలు చేసే కార్ఖానా. ఆ వాయిద్యాల గాలితిత్తులనే తెచ్చి, నేల మీదే ఊగే చిన్న విమానపు డబ్బాను 1929లో తయారుచేశాడు. కొన్నాళ్లు దాన్ని జాతర బొమ్మలా చూశారు. 1934లో తపాలా మోసే సైనిక పైలట్లు మబ్బుల్లో, మంచులో వరసగా చనిపోయాక అక్కడి సైన్యం ఆరు డబ్బాలు కొన్నది. ఆ సంగతి కుర్రాడు చెప్తే మేస్త్రి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, అసలు దెబ్బ అప్పుడు కొట్టాడు.

మామ: సరే, చోటే ముఖ్యం, ఒప్పుకుంట. చోటు కుదరకపోతే ఏం చేస్తవు?

అల్లుడు: దిగ. పవర్ పెట్టి పైకి లేచి తిరిగి వస్త. గో అరౌండ్ అంటరు. అది ఓటమి కాదు.

మామ: సాంచా మీద ఫోర్కు ఉంటది, ఎరుకే గదా. పేక తెగితే సాంచా దానంతటదే ఆగుతది. దాన్ని తీగతోని కట్టేసి నడిపించేటోళ్లను నేను బొచ్చెడు మందిని చూసిన. పని రాక కాదు, పని మంచిగ వచ్చినోళ్లే. ఎందుకు? మీటరుకు పైసలు. ఆగితే పైసలు పోతయి. సాంచా ఆపాలని అందరికీ తెలుసు బిడ్డా. తెలుసుడు వేరు, ఆపుడు వేరు. ఇప్పుడు చెప్పు, ఆ కోళికోడ్ పైలట్‌కు తెల్వదా?

అల్లుడు: తెలుసు. ఎంతో అనుభవం ఉన్నాయన. ఆ రాత్రి మొదటిసారి దిగకుండ పైకి లేచిండు గూడ. రెండోసారి దింపిండు.

మామ: ఒకసారి ఆపినోడు రెండోసారి ఎందుకు ఆపలే?

అల్లుడు: మరునాడు పొద్దున్నే కోళికోడ్ నుంచి ఇంకో విమానం నడపాల్సి ఉండె. వేరే ఊర్ల దిగితే ఆ డ్యూటీ పోతది. ఆ ఒత్తిడి గూడ పనిచేసిందని దర్యాప్తు నివేదికల రాసిండ్రు.

మామ: చూసినవా? మీటరు లెక్కనే. అక్కడ గూడ మీటరు లెక్కనే. అసొంటోళ్లందరు నీ కన్న పెద్ద యంత్రాలల్ల నేర్సుకున్నోళ్లే గదా?

అల్లుడు: ఆ. కోట్ల రూపాయల సిమ్యులేటర్లు. మొత్తం క్యాబిను కాళ్ల మీద ఊగుతది. మన హైదరాబాద్‌ల పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల ట్రైనింగ్ సెంటర్ల గూడ ఉన్నయి. ఏడాదికి రెండుసార్లు పోయి పరీక్ష ఇచ్చి రావాలె.

మామ: అండ్ల గూడ మరునాటి డ్యూటీ ఉండదు. నీ డబ్బాల అయితే ఏదీ ఉండదు. వెనుక కూసున్నామె దేవుణ్ని తల్సుకోదు. తప్పుపోతే బటను కొడ్తవు, మల్ల మొదటికి వస్తది. నువ్వు చెయ్యి నేర్సుకున్నవు, చెవి నేర్సుకున్నవు, మంచిగ నేర్సుకున్నవు. ఆపుడు మాత్రం ఈ డబ్బా నేర్పదు. పైసల్ లేని కాడ ఆపుడు ఆపుడే కాదు.

అల్లుడు: నేను రీస్టార్ట్ బటను తీసేసిన మామా. మూడు నెలలాయె. కుదరకపోతే పైకి లేస్త, చుట్టు తిరిగి మొత్తం మల్ల వస్త. ఏడు నిమిషాలు పడ్తది. నోట్‌బుక్కుల రాస్త, ఎక్కడ కుదరలే, ఎందుకు లేచిన అని. మొదట్ల ఏడు నిమిషాలు ఎవడు తిరగాలె అని, కుదరకపోయినా దించిన. నిజంగ చెప్తున్న, బొమ్మ విమానంల గూడ చెయ్యి ముందుకు పోలే. అప్పుడు నాకు భయమైంది. ఆటల ఏడు నిమిషాలకే నా చెయ్యి ఆగింది.

మామ: ఏడు నిమిషాలు ఖరీదు గాదు.

అల్లుడు: కాదు. ఉన్నదాంతోని నేర్సుకుంటున్న.

నోట్‌బుక్ నేను తిరగేశాను. ఎన్ని అడుగుల లెక్కన దిగాడో రాసే గడి మొదటి పేజీల్లో ఉంది, తర్వాత ఆ గడి లేదు. దాని బదులు ‘పట్టీల ముందా, మీదా, దాటా’ అని ఉంది. చివరి గడిలో ‘లేచినానా’. చాలా చోట్ల ‘లేవలె, లేవాల్సి ఉండె’ అని రాసుకున్నాడు. నా పాఠాల్లో వాడు ఇంత నిజాయితీగా తప్పు ఒప్పుకున్నది నాకు గుర్తు లేదు. మేస్త్రి చెప్పింది నిజమే, ఆ డబ్బాకు బరువు లేదు. అయినా వాడు దానికి ఎక్కడినుంచో బరువు తెచ్చి కడుతున్నాడు. నా మనసు అటే మొగ్గింది.

ఏడు కావస్తోంది. మేస్త్రికి రాత్రి షిఫ్టు. చెల్లెలు కట్టిచ్చిన టిఫిన్ చేతికి తీసుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

మామ: ఒక్కసారి దించు, చూసిపోత. వాన పెట్టు. వెనుక నుంచి గాలి పెట్టు.

కుర్రాడు పెట్టాడు. పది నాట్ల వెనుక గాలి, తెర మీద వాన చారలు. దీపాలు రెండు తెల్లగా, రెండు ఎర్రగా మొదలై, కాసేపటికి మూడు తెల్లబడ్డాయి. దిద్దుకున్నాడు. మేస్త్రి తెర వైపు చూడటం లేదు. తల కొంచెం వంచి, కళ్లు మూసుకుని వింటున్నాడు. యాభై. నలభై. ముప్పై. ఇరవై. ఆ తర్వాత గొంతు రాలేదు.

మామ: సాగుతున్నది.

అప్పటికే కుర్రాడి చెయ్యి ముందుకు పోయింది. ఇంజన్ల మోత గదంతా నిండింది. తెల్ల పట్టీలు కిందుగా వెనక్కి వెళ్లిపోయాయి, విమానం వానలోకి లేచింది.

మామ: ఎంతసేపు ఇప్పుడు?

అల్లుడు: ఏడు నిమిషాలు. నువ్వు పో మామా, నీకు లేటైతది.

మేస్త్రి గోడ మీది గడియారం చూశాడు. టిఫిన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మామ: తిరిగి రా. నిలబడ్డ.

దుమాస్ సముద్రం మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు. ఈసారి దీపాలు చివరిదాకా రెండూ రెండే. గొంతు సమంగా లెక్కపెట్టింది. పది అని విన్నామో లేదో స్పీకర్లు దడేల్‌మన్నాయి. చక్రాలు సరిగ్గా పట్టీల మీద ఉన్నాయి. అంకె 240.

మామ: నడుము జివ్వుమంటది ఆమెకు.

అల్లుడు: అంటది.

మేస్త్రి టిఫిన్ తీసుకుని గబగబా మెట్లు దిగాడు. కుర్రాడు నోట్‌బుక్ తెరిచి రెండు వరసలు రాసుకున్నాడు, మొదటిదాని చివరి గడిలో ‘లేచిన’ అని.